నాలుగున్నరకే లేచి ఉరుకుతున్నా బరువు ఆగిపోయింది, కాళ్ళు పట్టేశాయి, ఏం చేయాలి అన్నా?

ప్రశ్న: అన్నా నమస్తే. నాకు 42. దిల్‌సుఖ్‌నగర్‌లో రెడీమేడ్ బట్టల షాపు, ఇల్లు కొత్తపేటలో. మాది నల్గొండ దగ్గర పల్లె, కాలేజీలో కబడ్డీ ఆడేవాణ్ణి, అప్పుడు 68 కిలోలుండేవాణ్ణి. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. నెల కింద టెస్టులు చేయిస్తే బరువు 91, ఫాస్టింగ్ షుగర్ 112, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు) 6.1. డాక్టర్ బోర్డర్ మీదున్నావ్, మూడు నెలలు చూద్దాం, బరువు తగ్గించు అన్నాడు. నాన్నకి షుగర్ ఉంది. ఆ రోజు నుంచి అన్నం బంద్ పెట్టా. పొద్దున నాలుగున్నరకి లేచి ఫ్రెండ్స్‌తో విక్టోరియా గ్రౌండ్‌కి పోయి రోజూ 5 కిలోమీటర్లు ఉరుకుతున్నా. టిఫిన్ మానేశా, మధ్యాహ్నం రెండు చపాతీలు. షాపు పదిన్నరకి తీస్తా, రాత్రి కట్టేసి ఇంటికొచ్చేసరికి మళ్ళీ పదిన్నర, అప్పుడే తినేది, పడుకునేసరికి పన్నెండున్నర. మొదటి వారంలోనే 3 కిలోలు తగ్గి 88కి వచ్చా, అక్కడే ఆగిపోయింది. రెండు కాళ్ళకీ ముందు ఎముక పొడవునా నొప్పి. మధ్యాహ్నం గల్లా దగ్గరే కునుకు, ఇంట్లో అందరి మీదా చిరాకు. ఫ్రెండ్సేమో ఇంకా గట్టిగా ఉరుకు, స్పీడ్ పెంచు అంటున్నారు. ఆగస్టు మారథాన్‌లో హాఫ్ చేద్దామని ఉంది. ప్రొటీన్ పౌడర్ వాడాలా? పొట్టకి కట్టుకునే స్వెట్ బెల్ట్ ఆన్‌లైన్‌లో తెప్పించా, పని చేస్తుందా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో షుగర్, బరువు, మారథాన్ అన్నీ ఉన్నాయి గానీ నేను ఆగిపోయింది పన్నెండున్నర, నాలుగున్నర అనే ఆ రెండు టైముల దగ్గర. నాలుగు గంటల నిద్ర. ఆ నాలుగు గంటల మీద రోజూ 5 కిలోమీటర్లు ఉరికి, టిఫిన్ లేకుండా షాపుకి పోయి, పన్నెండు గంటలు కస్టమర్లతో మాట్లాడి, రాత్రి పదిన్నర దాటాక కడుపు నిండా తిని పడుకుంటున్నావ్, పైగా దోస్తులు ఇంకా గట్టిగా అంటున్నారు. కష్టం తక్కువై నీ బరువు ఆగలేదు. చేసిన కష్టం ఒంటికి పట్టే టైమే నువ్వు ఇవ్వట్లేదు. అందుకే నేను చెప్పేది నీకు ఉల్టా అనిపించొచ్చు, ఉరుకుడు తగ్గించు, నిద్ర పెంచు, అన్నం మళ్ళీ మొదలుపెట్టు.

ముందు ఒక మాట చెప్పు, షాపు పదిన్నరకి తీసేవాడివి నాలుగున్నరకి లేవడం దేనికి? ఫ్రెండ్స్ లేస్తున్నారు కాబట్టి. వాళ్ళల్లో ఎంతమంది రాత్రి పదింటికి షట్టర్ దించుతున్నారో ఒకసారి చూడు. గ్రౌండ్లలో ఆ టైముకి కనపడేవాళ్ళల్లో చాలామంది రిటైరైనోళ్ళు, లేదంటే తొమ్మిదింటికి లైట్లు ఆర్పేసే ఇళ్ళవాళ్ళు, వాళ్ళకి నాలుగున్నర అంటే ఏడు గంటల నిద్ర అయిపోయాక వచ్చే టైము, నీకేమో నిద్ర మధ్యలో మోగే అలారం. పొద్దున్నే లేచేవాడే మంచోడు అనే పిచ్చి ఒకటి మనలో బాగా ఉంది, దాన్ని పక్కన పెట్టు. నువ్వు పదకొండున్నరకి పడుకుని ఆరున్నరకి లేచి ఏడింటికి గ్రౌండ్‌లో ఉన్నా షాపు టైముకి ఇంకా బోలెడంత మిగులుతుంది. ఇప్పుడంటే ఏడింటికి కూడా చల్లగానే ఉంటుంది. ఏప్రిల్, మే వచ్చాక మాత్రం మన హైదరాబాద్‌లో ఆరు దాటితే ఎండ చురుక్కుమంటుంది, అప్పుడు గంట ముందుకి జరుపుకుందువు గానీ పడుకునేది కూడా గంట ముందుకి జరపాలి, ఒక్క అలారం జరిపితే కుదరదు.

నిద్రకీ బరువుకీ ఏం సంబంధం అంటావేమో. 2010లో షికాగో యూనివర్సిటీ వాళ్ళు ఒక చిన్న స్టడీ చేశారు, బరువు ఎక్కువున్న పది మందికి తిండి తగ్గించి పెట్టి, రెండు వారాలు రోజుకి ఎనిమిదిన్నర గంటలు మంచం మీద ఉంచారు, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలే. బరువు రెండుసార్లూ దాదాపు ఒకేలా తగ్గింది. కానీ ఆ తగ్గినదాంట్లో కొవ్వు వాటా, నిద్ర తక్కువైనప్పుడు 55 శాతం పడిపోయింది, దాని బదులు కండ పోయింది, ఆకలి కూడా పెరిగింది. పది మంది మీద చేసినదే కాబట్టి దీన్ని వేదవాక్కు అనను, కానీ నీలాంటివాడు మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిన ముచ్చట. ఎందుకంటే తిన్నాక రక్తంలోకి వచ్చే షుగర్‌ని ఎక్కువగా లాగేసుకునేది కండే, షుగర్ బోర్డర్ మీదున్నోడు కండ పోగొట్టుకుని బరువు తగ్గితే కాటా మీద నంబర్ చూసి మురవడమే తప్ప అసలు పని కాదు. మధ్యాహ్నం కునుకు, చిరాకు, రాత్రి ఆగని ఆకలి, ఇవన్నీ ఆ నాలుగు గంటల నిద్ర నుంచి వచ్చినవే చాలావరకు. రికవరీ అంటే ఐస్ బాత్‌లు, మసాజ్ గన్‌లు అని వీడియోల్లో చూపిస్తుంటారు, ఉంటే ఉండనీ, కానీ రోజంతా కస్టమర్లు చిందరవందర చేసిన స్టాక్ షట్టర్ దించాకే కదా నువ్వు సర్దేది, ఒళ్ళు కూడా అంతే, పడుకున్నాకే సర్దుకుంటుంది.

ఇక ఉరుకుడు. కబడ్డీ ఆడినోడివి కాబట్టి చెప్తున్నా, రెయిడ్ అంటే 30 సెకన్లు, పేలిపోయినట్టు వెళ్ళి రావాలి, తర్వాత ఊపిరి పీల్చుకునే టైము దొరుకుతుంది. నీ ఒంటికి తెలిసిన ఆట అది. ఇరవై ఏళ్ళ తర్వాత, ఇరవై కిలోలు ఎక్కువేసుకుని, ఆగకుండా 5 కిలోమీటర్లు, వారంలో ఏడు రోజులూ, ఇది వేరే పని. ఉరికేటప్పుడు ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు కాలి మీద పడుతుంది. ఊపిరితిత్తులు, గుండె కొన్ని వారాల్లో అలవాటు పడతాయి, ఎముకలకీ, కండని ఎముకకి కట్టి ఉంచే టెండన్లకీ నెలలు పడుతుంది, అందుకే ఆయాసం తగ్గింది కదా అని స్పీడ్ పెంచినవాళ్ళ కాళ్ళు సరిగ్గా అప్పుడే మొండికేస్తాయి. నీ కాలి ముందు ఎముక నొప్పి కూడా నువ్వు రాసినదాన్ని బట్టి షిన్ స్ప్లింట్స్‌లాగే ఉంది, అంటే ఒక్కసారిగా ఉరుకుడు ఎక్కువై ఆ ఎముక వెంట వచ్చే నొప్పి. ఒక పని చెయ్, బొటనవేలితో ఎముక లోపలి అంచు వెంట పైనుంచి కిందకి నొక్కుకుంటూ పో. జానెడు పొడవునా అక్కడక్కడా నొప్పి ఉంటే రెస్టుతో తగ్గేదే. అలా కాకుండా ఒకే ఒక్క చోట, వేలు పెడితే ఎగిరిపడేంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా, ఒంటికాలి మీద గెంతితే ప్రాణం పోతున్నా అది ఎముకలో చీలిక కావచ్చు, ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించు, మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా కాబట్టి ఎక్స్‌రే బాగుందని మళ్ళీ ఉరకడం మొదలుపెట్టకు.

రెస్టుతో తగ్గేదే అనుకుంటే ముందు రెండు వారాలు ఉరుకుడు పూర్తిగా బంద్. నడువు. రోజూ అరగంట, చేతులు ఊపుకుంటూ, మాట్లాడగలిగేంత వేగంతో. నొప్పి పోయాక వారానికి మూడే రోజులు, రెండు రోజులు పక్కపక్కన రాకుండా చూసుకుని, ఒక నిమిషం ఉరుకు రెండు నిమిషాలు నడువు, అలా అరగంట. రెండు వారాలకోసారి ఉరికే నిమిషాలు కొంచెం పెంచుకుంటూ పో. స్పీడ్ ఎంత అంటే, పక్కన దోస్త్ ఉంటే వాడికి నిన్నటి బేరం సంగతి పూర్తి వాక్యాల్లో చెప్పగలగాలి. రెండు మాటలకోసారి ఊపిరి అందక ఆగుతున్నావంటే ఎక్కువైనట్టు. ఇది కొత్తోళ్ళకి చెప్పే తేలిక మాట అనుకోకు, పెద్ద పెద్ద రన్నర్లు కూడా వాళ్ళ ట్రైనింగ్‌లో దాదాపు 80 శాతం ఇలా హాయిగానే ఉరుకుతారు. ఫ్రెండ్స్ నవ్వుతారు, నవ్వనీ. వాళ్ళతో కలిసి పోవాలని ఉంటే ఆదివారం పో, నడిచి రా.

మిగతా రోజుల్లో ఓ రెండు రోజులు ఇంట్లోనే ఇరవై నిమిషాలు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులు పెట్టి పుషప్‌లు, మెట్టు అంచు మీద నిలబడి మడమలు లేపి దించడం. ఆ చివరిది పిక్కలకి బలం ఇస్తుంది, షిన్ నొప్పి మళ్ళీ రాకుండా ఉండడానికి ఉరుకుడు కన్నా అదే ముఖ్యం, దాన్ని మాత్రం ఎగ్గొట్టకు. ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ తీయించుకో, బీపీ చూపించుకో, నలభై దాటింది, షుగర్ అంచున ఉంది. ఉరికేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టున్నా, ఎడమ చెయ్యి లాగినా, కళ్ళు తిరిగినా గ్యాస్ అని సరిపెట్టుకోకుండా ఆపేసి ఆస్పత్రికి పో.

తిండి దగ్గరకొద్దాం, నీ కేసులో అసలు ఆట ఇక్కడే ఉంది. ముందు లెక్క చూడు. ఉరికితే కిలోమీటరుకి కిలో బరువుకి దాదాపు ఒక క్యాలరీ ఖర్చవుతుంది, 88 కిలోల మనిషి 5 కిలోమీటర్లకి 440. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700. అంటే నువ్వు తిండి ఏమీ మార్చకుండా ఒక్క ఉరుకుడితో కిలో తగ్గాలంటే పదిహేడు పద్దెనిమిది రోజులు, అదీ ఎక్కడా అదనంగా తినకపోతే. మరి మొదటి వారంలో 3 కిలోలు ఎలా పోయాయంటే, అన్నం మానేసేసరికి ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (చక్కెర నిల్వ) ఖాళీ అయ్యింది, ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో మూడు గ్రాముల దాకా నీళ్ళు పట్టుకుని ఉంటుంది, అవి పోయాయి. అది తేలిగ్గా వచ్చింది కాబట్టి తర్వాత ఆగిపోయినట్టు కనపడుతోంది.

నువ్వు ఉత్తరంలో రాయనిది ఒకటుంది, చాయ్. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపు నడిపేవాడు రోజుకి ఎన్ని చాయ్‌లు తాగుతాడో నాకు తెలియనిది కాదు, పెళ్ళి బట్టలకి ఫ్యామిలీ వస్తే వాళ్ళతో పాటు ఒకటి, సేల్స్‌మన్ వస్తే ఒకటి, ఏమీ తోచకపోతే ఒకటి. ఆరు చాయ్‌లు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు అనుకుంటే 50 గ్రాముల చక్కెర పైనే. విడిగా కలుపుకునే చక్కెర రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. అన్నం ముద్ద మీద పడి ఏడ్చావ్ గానీ చాయ్ గ్లాసుని ఎవరూ అనుమానించరు, పక్కన ఉస్మానియా బిస్కెట్‌ని అసలే అనుమానించరు. రెండుకి తగ్గించు, చక్కెర లేకుండా, సాయంత్రం ఐదు తర్వాత వద్దు, కాఫీ టీల్లోని కెఫీన్ సగం ఒంట్లోంచి పోవడానికే ఐదు గంటలు పడుతుంది, ఎనిమిదింటి చాయ్ నిన్ను పన్నెండున్నర దాకా కూర్చోబెడుతుంది.

తర్వాత రాత్రి భోజనం. రోజంతా కడుపు ఎండబెట్టి పదిన్నరకి తింటే ఎవడికైనా చెయ్యి ఆగదు, చపాతీలతో మొదలై మిక్చర్ డబ్బా దగ్గర ఆగుతుంది. ఇంట్లో చెప్పి రాత్రి బాక్స్ షాపుకే తెప్పించుకో, ఏడున్నర ఎనిమిది మధ్య కౌంటర్ కుర్రాడికి అప్పజెప్పి పావుగంటలో తినెయ్, తిన్నాక సందు చివరిదాకా ఒక పది నిమిషాలు నడిచి రా, తిన్న వెంటనే నడిస్తే షుగర్ అంత ఎగరదు, ఇది మందు బిళ్ళ లేని మందు. ఇంటికొచ్చాక పల్చటి మజ్జిగ, అంతే. పిల్లలతో కలిసి తినలేకపోతున్నానని ఇంట్లో మాట వస్తుంది, నిజమే, దానికి పొద్దున టిఫిన్ అందరూ కలిసి తినండి, నువ్వు ఇప్పుడు ఆరున్నరకే లేస్తున్నావ్ కదా.

అవును, టిఫిన్ మళ్ళీ మొదలుపెట్టు. ఉపవాసాల పద్ధతి కొందరికి బాగానే పనిచేస్తుంది, కానీ పొద్దున ఉరికి, కడుపు కట్టుకుని, ఆ బాకీ మొత్తం అర్ధరాత్రి తీర్చేవాడికి కాదు. రెండు గుడ్లు, ఒక పెసరట్టు, లేదా కూరగాయలు సగం పోసిన ఉప్మాతో గుడ్డు, ఇలాంటివి. మధ్యాహ్నం అన్నం తిను. మన తార్నాకలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్ ఉంది చూడు, 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికొచ్చింది, వాళ్ళు 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో కూడా ధాన్యం మానేయమని లేదు, మొత్తం శక్తిలో 45 శాతం మించనివ్వకండి, కంచంలో సగం కూరగాయలూ పండ్లూ ఉండాలి అన్నారు. మన ఇళ్ళల్లో జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది, అన్నం కొండంత, కూర అంచుకి అద్దుకోవడానికి. ఆ కొలతలు తారుమారు చెయ్ చాలు. ఒక కప్పు అన్నం, రెండు కప్పుల బీరకాయో సొరకాయో బెండకాయో, గట్టి పప్పు, పెరుగు. పప్పుచారు కాదు, గట్టి పప్పు, చారులో పప్పు ఎంతుంటుందో మనిద్దరికీ తెలుసు. జొన్న రొట్టె తింటానంటే హాయిగా తిను, పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది, కానీ క్యాలరీలు బియ్యానికీ జొన్నలకీ పెద్ద తేడా లేదు కాబట్టి జొన్న రొట్టెలు కదా అని నాలుగు లాగించకు.

ప్రొటీన్ మీద అడిగావ్. ఐసీఎంఆర్ లెక్క ప్రకారం కిలో బరువుకి 0.83 గ్రాములు, నీకు రోజుకి 73 చిల్లర. గుడ్డుకి 6 గ్రాములు, పచ్చి చికెన్ వంద గ్రాములకి ఇరవై దాకా, మిగతాది పప్పు, పెరుగు, పల్లీలు, శనగలు. మూడు పూటలూ తింటే ఇది తిండిలోంచే వస్తుంది, నువ్విప్పుడున్నట్టు రెండు చపాతీల మీద అయితే రాదు. పౌడర్ విషమేం కాదు, పాల నుంచి తీసిందే, కుదరని రోజు ఒక స్కూప్ వేసుకున్నా తప్పు లేదు, కానీ టిఫిన్ మానేసి పౌడర్ కొనడం నాకు అర్థం కాని లెక్క. ఆదివారం బిర్యానీ మానమంటే నువ్వు ఈ జవాబు ఇక్కడే మూసేస్తావ్, అందుకని మానమనట్లేదు, మధ్యాహ్నమే తిను, ఒక సింగిల్‌ని ఇద్దరు పంచుకోండి, ముక్కలు నువ్వు తీసుకుని రైస్ వాళ్ళకి తోసెయ్, థమ్సప్ వద్దు.

ఎంత తగ్గాలి అనే దానికి 68 గురించి మర్చిపో, అది ఇరవై ఏళ్ళ కుర్రాడి బరువు. అమెరికాలో షుగర్ అంచున ఉన్నవాళ్ళ మీద డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అని పెద్ద స్టడీ జరిగింది, 2002లో ఫలితాలు వచ్చాయి, బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక లాంటి పని చేయడం, ఈ రెండు టార్గెట్లు పెట్టుకున్నవాళ్ళల్లో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మన దగ్గర చెన్నై డాక్టర్లు ఇలాంటిదే చేస్తే, 2006లో వచ్చిన ఫలితాల్లో 28 శాతం పైచిలుకు తగ్గింది, మన ఒళ్ళు కొంచెం మొండివి అనుకో, అయినా అది చిన్న సంగతేం కాదు. 91లో 7 శాతం అంటే ఆరున్నర కిలోలు. నీ మొదటి మజిలీ 84, 85 మధ్య, నెలకి రెండు కిలోలు తగ్గినా చాలు. నడుము కూడా కొలుచుకో, బొడ్డు దగ్గర టేపు పెట్టి, మన మగవాళ్ళకి 90 సెంటీమీటర్ల లోపుండాలంటారు, బట్టల షాపోడికి టేపుకి కరువా. కాటా ఆగిన వారాల్లో కూడా నడుము తగ్గుతుంటే పని జరుగుతున్నట్టే. హెచ్‌బీఏ1సీ మాత్రం మూడు నెలలు నిండాకే చేయించు, ఎర్ర రక్తకణాలు బతికేదే 120 రోజులు, ఆ టెస్టు చూపించేది రెండు మూడు నెలల సగటు, నెలకోసారి చేయించుకుని బెంగపడితే ల్యాబ్ వాడికే లాభం.

ఆగస్టు హాఫ్ వద్దు. 21.1 కిలోమీటర్లు, ఆ నెల ఉక్క, పైగా ఈ మారథాన్ దారంతా ఫ్లైఓవర్లు ఎక్కడం దిగడమే, చాలా ఏళ్ళుగా ఉరికేవాళ్ళు కూడా గచ్చిబౌలి వైపు చేరేసరికి తిట్టుకుంటారు. 5కే, అంటే 5 కిలోమీటర్ల పరుగుకి పేరు రాసుకో. జూన్ చివరికి నొప్పుల్లేకుండా గంటసేపు ఉరుకు నడక కలిపి చేయగలుగుతుంటే, రిజిస్ట్రేషన్ ఇంకా ఉంటే, 10కేకి మార్చుకుందువు. హాఫ్ వచ్చే ఏడాది సంగతి.

స్వెట్ బెల్ట్ కింద కారేది నీళ్ళే, ఒక బాటిల్ తాగితే తిరిగొచ్చేస్తాయి, పొట్ట దగ్గర చెమట పట్టిందని అక్కడి కొవ్వు కరగదు, ఎండాకాలంలో అది కట్టుకుని ఉరికితే ఒళ్ళు వేడెక్కి కళ్ళు తిరిగి పడతావ్ కూడా. రిటర్న్ టైము ఇంకా ఉంటే ఈరోజే వెనక్కి పంపెయ్, ఆ డబ్బుతో రెండు ట్రేల గుడ్లు కొను.